ధర చెప్పని మేస్త్రి

ఇంటి పైకప్పు మార్పించుకోవాలనుకునేవాళ్ళు మన దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ చేతిలో సాధారణంగా మూడు కాగితాలుంటాయి. మూడింటి మీదా మూడు మొత్తాలుంటాయి. వాళ్ళు అడిగేది ఒకటే: "వీటిలో దేన్ని ఖాయం చేసుకోమంటారు?" ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పగల మొదటి మాట, ఆ ప్రశ్నకు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పకండి. నేను ఒకసారి చెప్పాను. చాలా చక్కగా చెప్పాను. అంత చక్కగా చెప్పగలగడం వల్లనే నా తప్పు అంత దూరం నడిచింది.

ముప్పై ఏళ్ళకు పైగా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ఇళ్ళ మరమ్మతులు చూశాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకుని మీకు ఒరిగేదేమీ లేదు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నానో చెబితే కొంత ఉపయోగం ఉండవచ్చు. ఆ లెక్కన నాకు ఇద్దరు గురువులు. ఒకరు నన్ను పనిలో పెట్టుకున్న శేషాచలం గారు. రెండోవారు, అర్హత లేదని నేను స్వహస్తాలతో కొట్టివేసిన ఒక మేస్త్రి.

మూడు చీటీలు

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. ఇంజనీరింగు పూర్తిచేసి గుంటూరులో శేషాచలం గారి కన్సల్టింగు ఆఫీసులో చేరి నాకు ఏడాది కాలేదు. ఆఫీసంటే ఒక మందుల దుకాణం మీది గది, రెండు బల్లలు, ఒక డ్రాయింగు బోర్డు. ఆడపిల్ల నిచ్చెన ఎక్కితే వీధిలో పనులు ఆగిపోయే రోజులవి. అందుకని నేను మాటల్లో ఎవరికీ తగ్గకూడదనుకునేదాన్ని. కాలేజీలో నాలుగేళ్ళూ వక్తృత్వ పోటీల్లో మాట్లాడాను. అనుకూలంగా మాట్లాడమంటే అనుకూలంగా, ప్రతికూలంగా అంటే ప్రతికూలంగా. ఎదుటివారి వాదంలో పొసగని ముక్కను పట్టుకోవడం, గంట మోగేలోపు ముగించడం నాకు బాగా వచ్చు. వాటితోపాటు ఒక నియమం కూడా నా ఒంటికి పట్టింది: ఇచ్చిన అంశం వదిలి మాట్లాడినవాడికి మార్కులు లేవు.

ఏప్రిల్ నెలాఖరులో ప్రత్తిపాడు నుంచి సీతారావమ్మ గారు వచ్చారు. అక్కడి బడిలో టీచరు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఆమె, మంచం దిగలేని అత్తగారు రత్తమ్మ గారు, ఇద్దరే. మూడు గదుల నాటు పెంకుల ఇల్లు. వాసాల్లో కొన్నింటికి చెదలు పట్టింది. కిందటి వానాకాలం పెద్దావిడ మంచాన్ని ఒక్క రోజులో నాలుగు చోట్లకు జరపవలసి వచ్చిందట. ఇప్పుడు ఉద్యోగం మీద ఒక అప్పు మంజూరైంది. దాని తరువాత ఇంకొకటి పుట్టే దారి లేదు. తొలకరి లోపల కప్పు పడాలి, పడినది నిలవాలి. ఆమె సంగతంతా ఆ రెండు మాటల్లో ఉంది.

ఆమె తెచ్చిన చీటీల్లో ఒకటి శుభలేఖ వెనక రాసింది, ఒకటి సిమెంటు కొట్టు కాగితం మీద, మరొకటి నోటుపుస్తకంలోంచి చింపిన రూళ్ళ కాగితం మీద. ఒకరు శ్లాబుకు రాశారు, ఒకరు రేకులకు, మూడో ఆయన "మొత్తం బాగుచేయుటకు" అని మాత్రమే రాసి కింద సంతకం పెట్టాడు.

"ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులండీ. ఇలాంటివాటికి మార్కులెలా వేస్తాం?" అన్నాను.

"మా పిల్లలు రోజూ రాసేది అట్టాగేనమ్మా. నేను వేస్తూనే ఉన్నాగా," అన్నారు ఆమె నవ్వి.

నా పట్టిక

శేషాచలం గారు అప్పుడు పొన్నూరులో ఒక బియ్యం గోదాము పనిమీద ఉన్నారు. రెండు వారాలదాకా రారు. వెళుతూ "ప్రత్తిపాడు ఇల్లు నువ్వు చూడమ్మా," అన్నారు. నేను బస్సెక్కి వెళ్ళి చూశాను. గదుల పొడవు వెడల్పులు అంగుళం తేడా లేకుండా తీశాను. ఎన్ని వాసాలు పనికొస్తాయో, ఎన్ని పనికిరావో సుద్దతో గుర్తులు పెట్టాను. గోడల మందం రాసుకున్నాను. గోడల కింద ఏముందో చూడలేదు. పైకప్పు పనికి పిలిస్తే తల పైకెత్తి చూడాలనే అనుకున్నాను.

ఏ కప్పు వేయాలన్నది మొదటి ప్రశ్న. రేకులు చవక, కానీ మా వేసవిలో వాటి కింద మంచం పట్టిన మనిషిని పడుకోబెట్టలేం. గాలివానకు లేచిపోతాయన్న భయం కూడా ఉంది. (ఆ రేకుల్లోని పీచు ఊపిరికి మంచిది కాదన్న సంగతి మాకు తరువాత తెలిసింది.) మార్టూరు వైపు నుంచి రాతి బండలు తెప్పించి దూలాల మీద పరచవచ్చు, కానీ దూలాలు కొత్తవి కావాలి. పెంకులు మళ్ళీ వేస్తే ఏటా సర్దుకోవాలి. ఇక శ్లాబు. పత్తి, మిరప నాలుగు డబ్బులు చూపించిన సంవత్సరాలవి. ప్రతి వీధిలో ఒక శ్లాబు లేస్తున్నది. ఒకసారి వేస్తే తరతరాలు చూసుకోనక్కరలేదని అందరూ అనేవారు. నేనూ అన్నాను.

ఆ తరువాత ఒక పట్టిక తయారుచేశాను. శ్లాబు మందం ఇంత, ఇనుము ఇంత, సిమెంటు పాలు ఇంత, సెంట్రింగు ఖర్చు ఎవరిది, నీళ్ళు ఎవరు పట్టాలి, ఎన్ని రోజులు తడపాలి, పాత కప్పు దింపి కలప ఎవరు తీసుకుపోవాలి, ఇలా ప్రతిదానికీ ఒక గడి. అందరూ ఒకే పనికి ధర రాయాలి, అప్పుడే పోలిక న్యాయం. ఈ పద్ధతి తప్పని నేను ఈనాటికీ అనను. ఇన్నేళ్ళూ దాన్నే వాడాను. కాంట్రాక్టర్లు చీటీలో చెప్పకుండా వదిలేసిన సగం సంగతులు ఆ గడుల్లో బయటపడతాయి. అయితే పట్టికకు ఒక గుణం ఉంది. మీరు అడిగినదానికి మాత్రమే అది జవాబు చెబుతుంది. మీరు అడగవలసినది ఏమిటో అది చెప్పదు.

నాలుగో కాగితం

నలుగురిని ఒకే రోజు టీచర్ గారింటికి పిలిచాను. చీటీలు రాసిన ముగ్గురు కాంట్రాక్టర్లు కప్పు చూసి, కాగితం తీసుకుని వెళ్ళిపోయారు. నాలుగో ఆయన, టీచర్ గారు పిలవమన్న దస్తగిరి మేస్త్రి. ఆ చుట్టుపక్కల మూడు తరాలుగా తాపీపని చేస్తున్న కుటుంబం. వయసు యాభై దాటి ఉంటుంది. ఆయన కప్పు వైపు చూడనే లేదు. వెనక గది గుమ్మం దగ్గర నిలబడి తలుపు రెక్కను రెండుసార్లు వేసి తీశాడు.

"టీచరమ్మ గారూ, ఈ తలుపు ఏ నెలలో పడదండీ?"

"వానలు పట్టినాక పడదు దస్తగిరన్నా. ఎండలొస్తే మళ్ళీ దానంతటదే పడుద్ది."

"కుడిచేతి వైపు పట్టుద్దా, పైన పట్టుద్దా?"

"తలుపులు మన పనిలో లేవండీ," అన్నాను నేను. నా చేతిలో గడియారం ఉంది. "కప్పు చూడండి."

మంచంలోంచి రత్తమ్మ గారు నవ్వారు. "ఏరా దస్తగిరీ, ఇంజనీరమ్మ గంట కొట్టింది, బళ్ళోకి పోరా!"

"పోతన్నా పెద్దమ్మా," అంటూ ఆయన బయటికి వెళ్ళి, గోడ వెంట వంగి నడిచాడు. వాకిట్లో ఆరబోసిన తాలు మిరపకాయల ఘాటుకు నాకు తుమ్ములొస్తున్నాయి. నేను ఆయన వెంట వెళ్ళలేదు.

మూడు కాగితాలు నేను కోరినట్టే నిండి వచ్చాయి. నాలుగోదానిలో గడులన్నీ ఖాళీ. అడుగున వంకర అక్షరాలతో రెండు వాక్యాలు: "ఈ గోడల మీద శ్లాబుకు నేను ధర చెప్పను. పెంకుకైతే చెబుతాను."

అంశం వదిలి మాట్లాడాడు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, "షరతులకు లోబడలేదు" అని రాశాను. ఆ మాట రాసినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది. మిగిలిన ముగ్గురిలో వెంకటేశ్వర్లు అనే కాంట్రాక్టరు తక్కువకు రాశాడు. ఆయన మోసగాడు కాడు. నేను అడిగిన పనికి నిజాయితీగా ధర చెప్పాడు. నేను నాలుగు పేజీల నివేదిక రాసి, శ్లాబుకు అనుకూలంగా ఏడు కారణాలు చూపించి టీచర్ గారికి చదివి వినిపించాను. ఆమె చేతులు జోడించి, "ఇంత బాగా ఎవరూ చెప్పలేదమ్మా నాకు," అన్నారు. మరుసటి వారం రత్తమ్మ గారి మంచాన్ని ఎదురింటి పంచలోకి మార్చారు. వెంకటేశ్వర్లు మనుషులు వెనక గది పెంకులు దింపడం మొదలుపెట్టారు.

శేషాచలం గారు చదివినప్పుడు

శేషాచలం గారు పొన్నూరు నుంచి వచ్చిన పూటే నా నివేదిక అడిగారు. ఆయన చదివే పద్ధతి వేరు. ముందు చివరి పేజీ, తరువాత జతపరిచిన కాగితాలు, ఆ తరువాతనే మొదటి పేజీ. గీత కొట్టిన కాగితం దగ్గర ఆగారు. దాన్ని బల్లమీద విడిగా పెట్టారు.

"నలుగురిని అడిగావు. ముగ్గురు జవాబు చెప్పారు. ఈయన చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా?"

"షరతులు పాటించలేదండీ."

"అది నువ్వు రాసుకున్న మాట. ఆయన కారణం ఏమిటి?"

నాకు తెలియదు. అడగలేదు. ఎదుటి పక్షం వాదమేమిటో తెలుసుకోకుండా తీర్పు చెప్పిన న్యాయనిర్ణేత ఎవరైనా కాలేజీలో కనబడి ఉంటే నేను అక్కడే లేచి నిలబడి ప్రశ్నించేదాన్ని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు కానీ నా ముఖంలో కనబడి ఉంటుంది.

ఆయన కోప్పడలేదు. గొడుగు తీసుకున్నారు. "ధర ఎక్కువ చెప్పినవాడు పని వద్దనుకున్నాడని అర్థం. తక్కువ చెప్పినవాడు ఏదో వదిలేశాడని అర్థం కావచ్చు, కాకపోవచ్చు. పని కావాల్సిన మనిషి ధరే చెప్పలేదంటే మాత్రం మనం వెళ్ళి కనుక్కోవాలి. పద, బస్సుంది," అన్నారు.

నేను చూసిన అధికారుల్లో తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు. కింద మనిషి రాసిన కాగితాన్ని అంత ఓపికగా చదివినవారు, చదివి ఎండలో బస్సెక్కినవారు మరొకరు లేరు.

పత్తికట్టె

మేము వెళ్ళేసరికి వెనక గది మీద ఆకాశం కనబడుతోంది. దింపిన టేకు వాసాలు ఎడ్లబండికి ఎక్కించి ఉన్నాయి. నా పట్టిక ప్రకారం అవి వెంకటేశ్వర్లువే. శేషాచలం గారు దస్తగిరి మేస్త్రికి కబురు పంపారు. ఆయన వచ్చి నమస్కారం పెట్టి, నన్ను చూసి చిన్నగా నవ్వాడు.

"మేస్త్రీ, అమ్మాయికి మీ కారణం తెలియాలి. నాకూ తెలియాలి. చెప్పండి," అన్నారు శేషాచలం గారు.

ఆయన ఇంటి ముందు వంటచెరుకుగా పేర్చిన పత్తికట్టెలోంచి పొడుగాటి పుల్ల ఒకటి లాగాడు. వెనక గది గోడ పక్కకు తీసుకెళ్ళాడు. మే నెల నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. గోడకు జానెడు దూరంలో ఉన్న నెర్రెలోకి ఆ పుల్లను దించాడు. అది దిగుతూనే ఉంది. నడుము లోతు దిగాక ఆగింది. దాన్ని నా చేతికిచ్చి, పలుగూ పారా తీసుకుని గోడ మూల తవ్వాడు. రెండు పారల మట్టి తీయగానే పునాది రాయి అడుగు కనబడింది. మోకాలి లోతు కూడా లేదు.

"గోడకి అంతే ఉందమ్మా. నెర్రె దాని కిందకి పోయింది. వానలకి ఈ మట్టి పొంగుద్ది, ఎండలకి కుంగుద్ది. ఏటా ఈ ఇల్లు లేచి కూచుంటది. తలుపు అందుకే పడదు."

చుట్టూ పదిమంది చేరారు. నాకు పాత అలవాటు లేచింది.

"శ్లాబులో అంత ఇనుము వేస్తున్నాం కదండీ. అది వంగదు."

"వంగదనేనమ్మా నా భయం. పెంకు జరుగుద్ది. ఇల్లు ఇటు ఒరిగితే ఇటు, అటు ఒరిగితే అటు. రెండు పెంకులు జారితే ఎక్కి సర్దుకుంటాం. శ్లాబు జరగదు. జరగనిది పగులుద్ది, లేకపోతే గోడని నెట్టుద్ది. ఈ గోడ బురద అడుసుతో కట్టింది. ఇప్పుడున్న బరువుకి మూడింతలు దాని నెత్తిన పెడతన్నారు."

"ఊళ్ళో ఇన్ని శ్లాబులున్నాయి. అవి నిలబడలేదా?"

"కొత్తగా పునాది తీసి కట్టినవి నిలబడ్డాయి. పాత గోడల మీద ఎక్కించినవి రెండున్నాయి. రండి చూపిస్తా. లోపలికి మాత్రం పోబాకండి."

వెళ్ళాం. మొదటి ఇంట్లో గోడకూ శ్లాబుకూ మధ్య నా చూపుడు వేలు దూరింది. రెండో ఇంటి యజమాని వెనక గదికి తాళం వేసి, పత్తి కూడా అందులో పోయడం మానుకున్నాడు. వాదంలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. ఓడిపోయినందుకు సంతోషించడం కొత్త.

చెప్పవలసిన మాట

తిరిగి వచ్చేటప్పుడు శేషాచలం గారు వీధి మలుపులో ఆగారు. "టీచర్ గారికి ఎవరు చెబుతారు?" అన్నారు. "నేనే చెబుతానండీ," అన్నాను. "మంచిది. నేను ఈ అరుగుమీద కూర్చుంటాను," అన్నారు. నా పక్కన నిలబడి ఆయన నన్ను కాపాడవచ్చు. కాపాడలేదు. దానికి ఆయనకు రుణపడి ఉన్నాను.

సీతారావమ్మ గారు ఎదురింటి పంచలో అత్తగారికి విసురుతున్నారు. నేను నిలబడే చెప్పాను. ఈ గోడలు శ్లాబు మోయవని, అది నేను చూడవలసిన సంగతి అని, చూడలేదని, చూసిన మనిషి కాగితాన్ని కొట్టేశానని. ఆమె విసనకర్ర ఆగింది.

"మరి ఆ రోజు అంత గట్టిగా చెప్పారు కదమ్మా?"

"గట్టిగా చెప్పడం వచ్చండీ నాకు. చూడటం రాలేదు."

ఆమె ఆకాశం కనబడుతున్న తన ఇంటివైపు చూస్తున్నారు. చివరికి మంచంలోంచి రత్తమ్మ గారే కదిలారు.

"ఒప్పుకుందిగా. ఇంక పిల్లని నిలబెట్టి అడగబాకే. మంచినీళ్ళియ్యి. ఏమ్మా ఇంజనీరమ్మా, ఇంతకీ నా నెత్తిన ఏం పెడతావ్?"

"ఇంకా తెలియదండీ. ఈసారి అడిగి చెబుతాను."

"అట్టా అన్నావ్, బాగుంది."

వెంకటేశ్వర్లు మాత్రం ఊరుకోలేదు. "చదువుకున్నోళ్ళు ఒక మాట మీద ఉంటారనుకున్నా," అన్నాడు, బండి పక్కన నిలబడి, అందరూ వినేటట్టు. న్యాయమైన మాట. నేను తలవంచుకున్నాను. కాసేపటికి ఆయనే, "కలప దింపండ్రా. టీచరమ్మ ఇంటి కలప పట్టుకుపోయి నేనేం బాగుపడతాను," అని తన మనుషులను కేకేశాడు. దింపిన కూలీ మా ఆఫీసు భరించింది. ఆ పనికి మేము ఫీజు తీసుకోలేదు.

బస్సులో శేషాచలం గారు కిటికీ బయటికి చూస్తూ చెప్పారు. "నేను పనిలో చేరిన కొత్తలో పాత గోడల మీద ఒక శ్లాబు వేయించాను. అప్పుడు నాకు ఎవరూ ఖాళీ కాగితం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే చదివేవాణ్ణో లేదో కూడా చెప్పలేను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా పోయే బస్సు ఎక్కను."

మళ్ళీ ధరలు

మరునాడు నేను పెంకుపనికి దస్తగిరి మేస్త్రితో నేరుగా ఖాయం చేద్దామన్నాను. గౌరవంతోనే అన్నాను. శేషాచలం గారు ఒప్పుకోలేదు. "ఆయన మంచివాడని తేలింది. ధర సరైనదని తేలలేదు. నలుగురినీ మళ్ళీ అడుగు." ఇది మేస్త్రికి చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆయనకు వేయలేదు. "అడగండమ్మా. అడక్కుండా ఇస్తే రేపు ఊళ్ళో చెడేది నా పేరు," అన్నాడు.

ఈసారి పట్టిక రాయడానికి ముందు ఆయనను, మిగిలిన ముగ్గురినీ కూడా, ఇంటి చుట్టూ నడిపించి ఒక్కొక్కరిని ఒకటే అడిగాను: "ఈ పనిలో నేను అడగడం మరిచిపోయినది ఏమిటి?" ఆ ప్రశ్నను ఆ తరువాత ముప్పై ఏళ్ళూ ప్రతి పనికీ అడిగాను. మీరూ అడగండి. కొందరు ఏమీ లేదంటారు. కొందరు తమకు లాభం వచ్చేది చెబుతారు. ఎవరో ఒకరు మీ కళ్ళు తెరిపిస్తారు.

ధరలు వచ్చాయి. దస్తగిరి మేస్త్రిది తక్కువ నుంచి మూడోది. ఎందుకంటే ఆయన గోడల తల మీద చుట్టూ టేకు పట్టె ఒకటి పరిచి, దానిమీదే వాసాలు ఆనించాలని రాశాడు. అప్పుడు బరువు గోడలో ఒక్కచోట పొడవకుండా పొడుగునా పంచుకుంటుంది. వాసాల చివర్లకు చెదలు పట్టకుండా తారు పూత కూడా ఉంది. మిగిలినవాళ్ళు రెండూ రాయలేదు.

"పట్టె తీసేస్తే మీదే తక్కువ ధర అవుతుంది," అన్నాను, పరీక్షించడానికి.

"అవుద్ది. పట్టె తీసేసిన ఇంటికి ఇంకో మేస్త్రిని చూసుకోండి."

ఆ రెండింటినీ పట్టికలో చేర్చి అందరినీ మళ్ళీ రాయమన్నాం. అప్పుడు దస్తగిరి మేస్త్రి రెండో స్థానానికి వచ్చాడు. కొద్ది తేడాతో వెంకటేశ్వర్లే మొదట ఉన్నాడు. పోలిక పని అంతవరకే. ఎంపిక ఇంటివారిది. ఇద్దరి కాగితాలూ టీచర్ గారి ముందు పెట్టి, ఏది తీసుకున్నా ఇల్లు నిలుస్తుందని చెప్పాం. లోతుగా పునాదులు దించి, స్తంభాల మీద శ్లాబు నిలపడం కూడా సాధ్యమేననీ, అది ఆమె అప్పుకు మించిన పని అనీ దాచకుండా చెప్పాం.

ఆమె దస్తగిరి మేస్త్రి కాగితం తీసుకున్నారు. "ధర చెప్పకపోతే పని పోతుందని ఈయనకి తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ కొంచెం తేడా దానికి ఇస్తాను," అన్నారు. నా ఏడు కారణాల కంటే అది బలమైన వాదం.

వెంకటేశ్వర్లుకు ఈ మాట చెబితే, "నాకు పెంకుపని అంత చేతకాదులెండి. అతన్నే పిలిచి చేయించేవాణ్ణి," అని పెద్దగా నవ్వాడు.

బిందెలు

పని పద్దెనిమిది రోజులు పట్టింది. నేను వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. పట్టె కింద సున్నం చదును చేసేటప్పుడు దస్తగిరి మేస్త్రి సమతలం చూపే రసమట్టాన్ని నమ్మేవాడు, కానీ అరచేత్తో ఒకసారి తడిమి చూడకుండా ముందుకు పోయేవాడు కాదు. పాత వాసాల్లో మంచివి ఏరి నడిమి గదికి, కొత్తవి వెనక గదికి వాడాడు. పెద్దావిడ పడుకునేది వెనక గదిలో కాబట్టి. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు.

ఆఖరి కిస్తీ తీసుకునే ముందు ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఇంటివారిని లోపల కూర్చోబెట్టి, కూలీలతో కప్పు వెన్నుమీద నుంచి బిందెలతో నీళ్ళు పోయిస్తాడు. నూరు బిందెలు. చుక్క రాలితే డబ్బు తీసుకోడు. ఆ మధ్యాహ్నం వీధి వీధంతా బిందెలు పట్టుకుని వచ్చింది. టీచర్ గారు, నేను వెనక గదిలోకి వెళ్ళబోతుంటే ఎదురింటి పంచలోంచి కేక వినబడింది.

"నన్ను తీసుకుపోండి! పడుకునేది నేను. తడిస్తే నేనే తడవాలి."

"నీళ్ళు పోశాక తీసుకొస్తాంలే అత్తయ్యా."

"పోశాక నేనెందుకే, చూడ్డానికా? ఎత్తండ్రా మంచం!"

నలుగురు మంచం ఎత్తారు. వీధి దాటించి, గుమ్మంలో కొంచెం వాల్చి, వెనక గదిలో దించారు. నేను మంచం పట్టెమీద కూర్చున్నాను. పైన దస్తగిరి మేస్త్రి "పోయండ్రా!" అన్నాడు. కప్పంతా ఒక్కసారి మోగింది. చూరుల నుంచి నాలుగు వైపులా ధారలు దిగాయి. వాకిట్లో మట్టి వాసన లేచింది. రత్తమ్మ గారు కళ్ళార్పకుండా పైకి చూస్తున్నారు. టీచర్ గారు కళ్ళు మూసుకున్నారు. నలభై బిందెలు, యాభై, అరవై.

డెబ్బై దాటాక పెద్దావిడ చెయ్యి నా మణికట్టుమీద పడింది. ఆమె దుప్పటి మీద ఒక చుక్క. కాసేపటికి అదే చోట ఇంకొకటి.

"ఒక్క చోటేగా, ఊరుకో. పాపం, అంతసేపు పోయించాడు," అన్నారామె గుసగుసగా.

నేను లేచి నిలబడ్డాను. "మేస్త్రి గారూ, ఆపండి. ఇక్కడ కారుతోంది!"

నీళ్ళ చప్పుడు ఆగింది. పైన అడుగులు కదిలాయి. మా తలమీద ఒక పెంకు పక్కకు జరిగి, గదిలోకి పలకంత ఎండ పడింది. అందులో దస్తగిరి మేస్త్రి ముఖం, తడిసిన గడ్డం.

"ఎక్కడమ్మా? చూపించండి."

నేను మంచం పక్కన నిలబడి, చెయ్యెత్తి, దుప్పటిమీద చుక్క పడిన చోటికి సూటిగా పైన ఉన్న పెంకును చూపించాను. ఆయన దాన్ని తీసి, అంచు తడిమి, నెర్రె చూసి కిందకు విసిరేశాడు. ఇంకొకటి అందుకుని అమర్చాడు. ఎండ పోయింది.

"మళ్ళీ మొదటినుంచి పోయండ్రా! నూరూ పోయాల!"

రెండోసారి ఎనభై దాటేసరికి రత్తమ్మ గారు నిద్రపోయారు. టీచర్ గారు ఆమె దుప్పటి సర్ది, చప్పుడు కాకుండా లేచి, ఎదురింట్లో ఉన్న మందుల పెట్టె, మరచెంబు, విసనకర్ర తెచ్చుకోవడానికి వెళ్ళారు.